టిడ్కో బ్లాకులో రాత్రిపూట మందు, పేకాట, బూతులు: అద్దెకున్నోళ్లను ఎట్లా అదుపు చేయాలి?

గట్టుకింద, కర్నూలు:

కర్నూలు టిడ్కో ఇళ్లలో (పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించినవి) మాది జి ప్లస్ 3 బ్లాకు. కింది అంతస్తులో ఒక ఇంటిని లబ్ధిదారు అద్దెకిచ్చి, తను టౌన్లో వేరే చోట ఉంటున్నాడు. అద్దెకున్నోళ్లతో ఆరు నెలలుగా ఇబ్బంది. రాత్రి పదిన్నర దాటితే మెట్ల మీద మందు, మిద్దె మీద పేకాట. ఆదివారం వస్తే సౌండ్ బాక్సు ఒంటిగంట దాకా. మెట్ల కింద బండ్లు అడ్డం పెడతారు, తీయమంటే బూతులు. నీళ్లు వచ్చే టయానికి కొళాయి దగ్గర ఆడవాళ్ల మీద మాటలు. గంజాయి కూడా ఉందని కొందరి అనుమానం, కండ్లతో చూసినవాళ్లు మాత్రం లేరు.

112కు చేస్తే పోలీసులు వస్తారు, చెదరగొడతారు, పోతారు. తెల్లారితే మళ్లీ మామూలే. "అసాంఘిక శక్తులు మా బ్లాకులో తిష్ట వేశాయి, తగు చర్య తీసుకోగలరు" అని ముప్పై మంది సంతకాలతో స్టేషన్లో అర్జీ ఇచ్చినాం, రసీదు రాలేదు. బ్లాకు కమిటీ ఉంది గానీ రిజిస్టర్ కాలేదు. ఆ ఇంటికి నీళ్లు బంద్ చేద్దామని కొందరు, ఏకంగా ఇల్లే రద్దు చేయించాలని కొందరు. ఈ రెండిట్లో ఏది సరి? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

కోర్టు గుమ్మం, కడప:

ముందు ఆ అర్జీ సంగతి. అది ఎందుకు కదలలేదంటే దాంట్లో నేరం లేదు, బిరుదు ఉంది. "అసాంఘిక శక్తులు" అనే మాటకు ఏ సెక్షనూ లేదు. ఎస్సై చేతిలో కాగితం పడినప్పుడు ఆయన వెతికేది ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అన్నది. ముప్పై సంతకాల్లో కండ్లారా చూసిన సాక్షి ఎవరో తెలియకపోతే, స్టేట్‌మెంట్‌కు పిలిచిననాడు ముగ్గురు కూడా రారు. ముప్పై మంది అర్జీ కన్నా చూసినవాళ్లు ముగ్గురు విడివిడిగా ఇచ్చిన మూడు ఫిర్యాదులు గట్టివి.

కాబట్టి ఈరోజే ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీలకు నెంబర్లు వేయండి. జరిగిన రాత్రే, లేదా తెల్లారే రాయాలి. ఉదాహరణకు: "14వ తేదీ, ఆదివారం, రాత్రి 11.20 నుంచి 12.45 దాకా. ఒకటో అంతస్తు మెట్ల మీద నలుగురు తాగుతున్నారు. కింది ఇంటి వ్యక్తి ఉన్నాడు, మిగిలిన ముగ్గురు తెలియదు. 11.40కి 112కు ఫోన్, 12.10కి బండి వచ్చింది." కింద చూసినవాళ్ల సంతకం. అన్న మాటలు ఎంత పాడువైనా ఉన్నవి ఉన్నట్టే రాయండి, "అసభ్యంగా మాట్లాడినాడు" అని రాస్తే పనికిరాదు. నెల తర్వాత ఒకే పెన్నుతో ఒకేసారి కూర్చొని పాత తేదీలన్నీ నింపితే, అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో దాన్ని చించేస్తాడు.

పోలీసులు చెదరగొట్టి ఎందుకు పోతారన్నదానికి కారణం ఉంది. తాగి బహిరంగంగా గొడవ చేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 355 కింద వస్తుంది. 24 గంటల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేసే వీలు వాళ్లకు లేదు. అందుకే వాళ్ల చేతిలో ఉండేది చెదరగొట్టడం, మహా అయితే టౌన్ న్యూసెన్స్ కింద పెట్టీ కేసు.

బూతుల సంగతి అట్లా కాదు. నలుగురు తిరిగే చోట, పక్కవాళ్లకు ఇబ్బంది కలిగేలా బూతులంటే 296. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాట, సైగ అయితే 79, దానికి మూడేళ్ల దాకా శిక్ష. ఈ రెండూ కాగ్నిజబుల్, ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. మీ ఆరు నెలల గొడవలో అన్నిటికన్నా గట్టి కేసు మందు కాదు, కొళాయి దగ్గరి మాటలు. దాన్ని అర్జీ చివర్లో ఒక వాక్యంగా పెడితే ఎట్లా? ఆ మాట పడిన ఆమె పేరుతో, అది ఒక్కటే విషయంగా ఫిర్యాదు ఇవ్వాలి.

స్టేషన్లో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) 173(4) ప్రకారం అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచుకోండి. సోమవారం పీజీఆర్ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) ఇస్తే నెంబరుతో రసీదు వస్తుంది. స్టేషన్లో ఇచ్చిన తేదీ ఈ అర్జీలో తప్పకుండా రాయండి.

గట్టుకింద, కర్నూలు:

చాలా ఉపయోగం సార్. సీఆర్పీసీ 107, 133 సెక్షన్ల కింద ఎమ్మార్వో దగ్గర కేసు వేయొచ్చని ఇక్కడ ఒకరు చెప్పినారు. అవి ఇంకా ఉన్నాయా?

కోర్టు గుమ్మం, కడప:

ఉన్నాయి, నెంబర్లు మారినాయి. 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో పాత 107 ఇప్పుడు 126, పాత 133 ఇప్పుడు 152. అర్జీలో పాత నెంబరు రాసినంత మాత్రాన చెల్లకుండా పోదు గానీ, కొత్తవే రాయండి.

మన జనం నోట్లో 126ను బైండోవర్ అంటారు. శాంతికి భంగం కలగొచ్చని పోలీసు నివేదిక వస్తే, తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో ఆ మనిషిని పిలిపించి, ఏడాది మించకుండా శాంతికి భంగం కలిగించనని బాండు రాయించుకుంటారు. బాండు రాశాక మళ్లీ గొడవ చేస్తే ఆ సొమ్ము జప్తు అవుతుంది, జైలుకూ పోవచ్చు. మీలాంటి వ్యవహారంలో ఎఫ్ఐఆర్ కన్నా చాలాసార్లు ఇదే పనిచేస్తుంది. ఎందుకంటే కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, బాండు భయం ఆ రోజు నుంచే ఉంటుంది. కాకపోతే విచారణ ఆరు నెలల్లో ముగియకపోతే ఆ కార్యవాహి మామూలుగా రద్దవుతుంది. సాక్షులు వాయిదాలకు పోకపోవడం వల్లే ఎక్కువ బైండోవర్లు అట్లా రాలిపోతాయి. ముందే ఎవరు పోతారో ఇద్దరు ముగ్గురిని అనుకోండి, ఆ రోజు కూలి పోతే కమిటీ సర్దేలా మాట్లాడుకోండి. ఎదుటివాళ్లు మీమీద కూడా అర్జీ ఇస్తే రెండు పక్షాలనూ బైండోవర్ చేస్తారు. అందుకే కర్ర పట్టుకొని గుంపుగా ఆ వాకిట్లోకి ఎవరూ పోవద్దు.

152 వేరు. అది మనిషి మీద కాదు, న్యూసెన్స్ మీద. నలుగురు నడిచే దారికి అడ్డం, కాలువ మూసేయడం, చుట్టుపక్కల ఆరోగ్యానికి చేటు చేసే వ్యాపారం, ఇట్లాంటి వాటికి. ఆర్డీఓ ముందు తొలగించమని షరతుతో ఉత్తర్వు ఇస్తారు, ఎదుటివాళ్లు వచ్చి కారణం చెప్పుకోవాలి. కొత్త చట్టంలో దీనికి 90 రోజుల గడువు పెట్టినారు, కారణం రాసి 120 దాకా పొడిగించొచ్చు. మెట్ల దారి మూసేసే బండ్లు, ఇంట్లో బెల్టు షాపు నడపడం లాంటివి దీంట్లోకి తేవొచ్చు. తాగి తిట్టడాన్ని దీంట్లో పెడితే కొట్టేస్తారు.

పెన్నేటి ఒడ్డు, అనంతపురం:

పైన చెప్పింది సరైనదే, కానీ అసలు మీట ఇంకా ఎవరూ పట్టుకోలేదు. ఆ మీట ఇంటి యజమాని. అద్దెకున్నవాళ్లకు పోయేదేముంది, రేపు ఇంకో బ్లాకుకు పోతారు. కాగితాల మీద పేరుండేది లబ్ధిదారుకు. ఆయనకు ఇప్పటిదాకా ఒక్క లెటరైనా రాసినారా?

తెల్లకాగితం మీద పది వరసలు చాలు. ఫలానా తేదీల్లో మీ ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇది చేశారు, మెట్ల మీద మందు, మిద్దె మీద పేకాట నడుస్తోంది, 15 రోజుల్లో సరిచేయించండి అని. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వాట్సాప్‌లో కూడా పంపండి. దీని బలం ఏందంటే, తెలిసీ తన ఇంటిని గంజాయి నేరానికి వాడనిచ్చిన యజమానికి కూడా మత్తు పదార్థాల చట్టం 25వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పేకాట ఇల్లు నడపనిచ్చినవాళ్ల మీద 1974 నాటి గేమింగ్ చట్టం 3వ సెక్షన్ ఉంది. రెండిట్లోనూ తేల్చేది ఆయనకు తెలుసా, తెలియదా అన్నదే. మీరు లెటర్లో రాసిన సంగతుల మటుకు, అది అందిన రోజు నుంచి "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట రాదు. కాకపోతే గంజాయి సంగతి రుజువు లేకుండా లెటర్లో రాయొద్దు, పరువునష్టం మీ మెడకు చుట్టుకుంటుంది. చూసినంత మటుకే రాయండి.

ఆయన ఖాళీ చేయించాలనుకుంటే దారి ఇది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో పక్కవాళ్లకు న్యూసెన్స్ చేయడం ఖాళీ చేయించడానికి ఒక కారణంగానే ఉండేది. కానీ ఆంధ్రలో దాని స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చినారు.  కాబట్టి ముందు నోటీసు ఇచ్చి, పోకపోతే ఏ కోర్టుకు పోవాలో వకీలును అడిగి తేల్చుకోవాలి. పరిధి లేని కోర్టులో వేసి, ఏడాది తిరిగాక ఇది మా పరిధి కాదని కొట్టేయించుకున్న కేసులు ఉంటాయి, అట్లా పడొద్దు. ఇంకో సంగతి, ఈ దావా యజమానే వేయాలి, పక్కింటివాళ్లు వేయలేరు.

నీళ్లు బంద్ చేయడం మాత్రం వద్దే వద్దు. ఆ ఇంట్లో పిల్లలుంటే, ముసలివాళ్లుంటే, మరుసటి గంట నుంచి తప్పు మీదైపోతుంది. ఫిర్యాదుదారులు మీరు, ముద్దాయిలూ మీరే. కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు, మీటరు ఎస్పీడీసీఎల్‌ది, దాని మీద చెయ్యేస్తే అది వేరే కేసు.

ఇల్లు రద్దు చేయించడం గురించి నా మాట గట్టిగా వినండి. రద్దుకు ముందు నోటీసు, సంజాయిషీ, విచారణ ఉంటాయి. బ్యాంకు లోను ఉన్న ఇల్లయితే బ్యాంకు కూడా మధ్యలో ఉంటుంది. పైగా గొడవ చేసినందుకు రద్దు అని మంజూరు కాగితంలో సాధారణంగా ఉండదు, ఉంటే గింటే సొంతంగా ఉండకుండా అద్దెకిచ్చినందుకు అన్న షరతు ఉంటుంది. మీ బ్లాకులో మంజూరు పత్రం, రిజిస్ట్రేషన్ పత్రం ఉన్న ఎవరిదైనా తీసుకొని షరతులు చదవండి. అద్దెకిచ్చినాడని మీరు అర్జీ పెడితే తనిఖీకి వచ్చేవాళ్లు ఆ ఒక్క తలుపే తట్టరు, బ్లాకంతా తిరుగుతారు. మీ బ్లాకులో ఇంకెంతమంది అద్దెకున్నారో ముందు లెక్క చూసుకోండి. ఏ తప్పూ చేయని అద్దె కుటుంబాలు మూడు నాలుగు దీంతో వీధిన పడితే ఆ పాపం ఎవరిది?

కమిటీ రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేయండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు చాలు. మెమోరాండం, బైలాస్, సభ్యుల గుర్తింపు కాగితాలు, ఆఫీసు చిరునామా రుజువు జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. బైలాస్ ఎక్కడిదో కాపీ కొట్టకుండా మీకు కావాల్సినవి రాయించండి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మెట్లు, మిద్దె వాడకం, బండ్లు పెట్టే జాగా, మెయింటెనెన్స్ రుసుము, ఎవరైనా ఇల్లు అద్దెకిస్తే ఆ మనిషి పేరు, ఫోను కమిటీకి తెలపాలన్న నియమం. రిజిస్టర్ కాని కమిటీ లెటరుహెడ్డు మీద రాసిన అర్జీని ఆఫీసుల్లో పక్కన పెట్టేస్తారు, అది అనుభవం మీద ఎవరైనా చెప్పే మాటే.

సచివాలయం మెట్లు, కర్నూలు:

కొళాయి దగ్గర జరిగేదానికి మొదటి మెట్టు వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు. ఆడవాళ్లు స్టేషన్ దాకా పోవడానికి జంకితే ఆమె ద్వారా ఫిర్యాదు రాయించండి. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది. మాటలు పడిన ఆమె ఒంటరిగా పోనక్కర్లేదు, పక్కనే ఉండి విన్న ఇంకో ఆడమనిషి సాక్షిగా వెంట పోతే కేసుకు బలం, ఆమెకు ధైర్యం.

ఇంకో రెండు సంగతులు గమనించండి. ఆ ఇంటి గొడవలో సగం భార్యను కొట్టే చప్పుడేమో చూడండి. అట్లయితే అది న్యూసెన్స్ కాదు, గృహహింస. 112కు చెప్పేటప్పుడు ఆ మాట చెప్పండి, వచ్చే తీరే వేరుగా ఉంటుంది. అట్లనే తాగుడు మానలేని మనిషి ఒక్కడి వల్లే ఇదంతా అయితే సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగానికి ఇంట్లోవాళ్లను పంపండి, ఫోనులో మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ నెంబరు 14416. గంజాయి అనుమానం ఉంటే మత్తు పదార్థాలను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ నెంబరు 1972. మీరే గది వెతకడం, సంచులు తెరవడం, పిల్లల్ని నిఘా పెట్టడం చేయొద్దు. పొట్లం మీ చేతికి తగిలిందా, అక్కడితో రుజువు పాడైపోయినట్టే.

అర్జీ రాసేటప్పుడు కులం, వృత్తి, ఎక్కడి నుంచి వచ్చారన్న మాటలు ఒక్కటి కూడా రానివ్వొద్దు. "వాళ్లంతా అంతే" అన్న మాట ఒక్కటి పడితే న్యాయమైన ఫిర్యాదు కూడా చెడిపోతుంది, అట్రాసిటీ కేసు దాకా పోవచ్చు. ఏ ఇంటి మీద ఎందుకు ఫిర్యాదు చేస్తున్నామో మనకు మనం అడుక్కోవాలి కూడా. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పదకొండుకు వంట చేసుకునే ఇల్లు, పిల్లలు ఏడ్చే ఇల్లు న్యూసెన్స్ కాదు.

మిద్దె దీపం, కర్నూలు:

సెక్షన్లన్నీ బాగున్నాయి, నేను బల్బు గురించి చెప్తా. మెట్ల మీద తాగుడుకు సగం కారణం చీకటి. మనిషి కదిలితే వెలిగే సెన్సరు ఉన్న 9 వాట్ల ఎల్ఈడీ ప్రతి అంతస్తు మలుపులో ఒకటి, మిద్దె తలుపు దగ్గర ఒకటి, మెట్ల కింద బండ్ల జాగాలో ఒకటి. కనెక్షన్ కామన్ మీటరు నుంచే తీయండి, ఎవరి ఇంటి నుంచైనా తీస్తే ఆ ఇంటితో కొత్త గొడవ. చేతికందే ఎత్తులో పెడితే మొదటి వారమే పగలగొడతారు, కప్పుకు ఇనుప జాలీలో బిగించండి.

మిద్దె తలుపుకు తాళం వేయొచ్చు, కానీ పైన ట్యాంకులు ఉంటాయి, నిప్పు అంటుకుంటే పైకి పరిగెత్తాల్సి రావొచ్చు. అందుకే తాళంచెవులు ప్రతి అంతస్తులో ఒక ఇంట్లో ఉండాలి, ఏ ఇంట్లో ఉందో తలుపు మీదే రాయాలి. రాత్రి పదికి వేసి ఐదుకు తీసే పని వంతులవారీగా పెట్టుకోండి.

కెమెరాలు పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు మూడు చోట్ల. ఒకటి, ఎవరి వాకిలి లోపలికీ చూడకూడదు, మెట్లు, గేటు, కొళాయి మాత్రమే కనిపించాలి. కొళాయి దగ్గర స్నానాలు చేసే అలవాటు ఉంటే అక్కడ అసలు పెట్టొద్దు. రెండు, నిల్వ. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్‌లో రికార్డు చేస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ పైనే. 1 టీబీ హార్డ్‌డిస్కు 11 రోజులకు నిండి పాతది తుడుచుకుపోతుంది. జరిగిన రెండు మూడు రోజుల్లోనే ఆ ముక్క వేరే పెన్‌డ్రైవులోకి తీయాలి. మూడు, గడియారం. డీవీఆర్ (కెమెరాల రికార్డు పెట్టె) టైం పది నిమిషాలు తప్పితే మీ నోటుబుక్కు, 112 కాల్ టైం, వీడియో మూడూ మూడు రకాలుగా ఉంటాయి. నెలకోసారి ఫోనుతో సరిచూడండి. కరెంటు పోయినప్పుడే గొడవలు ఎక్కువ కాబట్టి చిన్న యూపీఎస్ కావాలి.

ఫోనులో తీసిన వీడియో అయితే తీసిన ఫోనులోనే అసలు ఫైలు ఉంచండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

కోర్టు గుమ్మం, కడప:

దానికి ఒక్కటి కలుపుతా. ఆ వీడియో కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి. దాంట్లో రెండు భాగాలు, ఒకటి ఆ ఫోను లేదా డీవీఆర్ చూసుకునేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడు) సహా. ఇది కోర్టు దశలో పని, ఇప్పుడే కంగారు వద్దు. ఇప్పుడు చేయాల్సింది ఎడిట్ చేయకుండా ఉంచడం, పాట కలిపి స్టేటస్‌లో పెట్టకుండా ఉండడం.

సౌండ్ బాక్సు గురించి ఎవరూ రాయలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి 6. ఆ హద్దుకన్నా 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేయొచ్చు, చర్య తీసుకునే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఉంది. కాబట్టి ఆ ఒక్క అర్జీ డీఎస్పీ పేరున రాయండి. ఫోను యాప్‌లో వచ్చిన అంకె రుజువు కాదు, అయినా నోటుబుక్కులో రాసుకోండి, ఎంత మించుతోందో మీకు అంచనా ఉంటుంది.

పెన్నేటి ఒడ్డు, అనంతపురం:

లెటరు వెళ్లి 15 రోజులు దాటినా యజమాని పలకకపోతే వెంటనే దావాకు పోవద్దు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100. అక్కడ ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోసం) అర్జీ ఇవ్వండి, ఫీజు లేదు. వాళ్లు యజమానికి, అద్దెకున్నవాళ్లకు నోటీసు పంపి పిలుస్తారు. కోర్టు ముద్ర ఉన్న నోటీసుకు వచ్చే మర్యాద కమిటీ లెటరుకు రాదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు రాస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రాజీ పత్రంలో "ఇకపై సక్రమంగా ఉంటాము" అని రాయించుకోవద్దు. ఫలానా తేదీకి ఖాళీ, లేదా రాత్రి పది తర్వాత మెట్ల మీద, మిద్దె మీద గుంపు ఉండదు, బండ్లు ఫలానా జాగాలోనే, తప్పితే ఫలానా తేదీకల్లా ఖాళీ అని అంకెలతో రాయించండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు కూడా ఇస్తారు.

గట్టుకింద, కర్నూలు:

అందరికీ వందనాలు. నీళ్లు ఆపే మాట, రద్దు అర్జీ మాట ఈ రాత్రి కమిటీలో పక్కన పెట్టిస్తా. నోటుబుక్కు రేపే. యజమానికి లెటరు ఈ వారంలో. కొళాయి విషయం మాట పడినామెతో ముందు మాట్లాడి, ఆమె ఒప్పుకుంటేనే మహిళా పోలీసు దగ్గరికి పోతాం.

సచివాలయం మెట్లు, కర్నూలు:

ఆమె ఒప్పుకుంటేనే అన్నది మంచి మాట. ఇంకో పని కూడా చేయండి. లెటరు పోస్టు చేసే ముందు ఒక ఉదయం, వాళ్లు మత్తులో లేనప్పుడు, పెద్దమనుషులు ఇద్దరే పోయి ఆ ఇంటి తలుపు తట్టండి. ఏం ఇబ్బందో చెప్పి, వాళ్లు చెప్పేది కూడా వినండి. ఆ తేదీ, ఏం జవాబిచ్చారో నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. తర్వాత ఎవరి ముందు నిలబడినా మొదటి ప్రశ్న "మీరు వాళ్లతో మాట్లాడినారా?" అనే వస్తుంది.